అచ్చు ఆరేదాకా ఆగిన పులి

ఆ రోజుల్లో నేను మంచి వయసులో ఉన్నాను. (అరవై మూడు. నవ్వకండి. డెబ్బై ఆరు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే అరవై మూడంటే నూనూగు మీసాల ప్రాయమే. అప్పటికి మోకాళ్లు రెండూ నా మాట వినేవి, పళ్లలో సగానికి పైగా నా సొంతం.) చిక్కడపల్లిలో ఇల్లు, పొద్దున్నే అశోక్ నగర్ దాకా నడక, అక్కడ కోచింగ్ సెంటర్ల సందులో టీ బండి దగ్గర ఒక అల్లం చాయ్, ఆ చాయ్ చల్లారేలోపు ఒక పులి కథ. గ్రూప్ టూ కోసమని, ఎస్సై ఉద్యోగం కోసమని ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు నన్ను చూడగానే "పులి సారొచ్చిండు, జర జాగియ్యున్రి" అని బెంచీ మీద చోటు చేసేవాళ్లు. నల్లమలలో పులిని ఆరడుగుల దూరాన నిలబెట్టి దాని కాలి అచ్చు తీసుకున్న మొనగాణ్ణి నేనేనని వాళ్లకి తెలుసు. ఎలా తెలుసు అంటే, నేనే చెప్పాను.

ఇక నిజం. ముప్పై నాలుగేళ్లు అడవులకు సంబంధించిన ఒక ఆఫీసులో పనిచేసిన మాట వాస్తవం. ఆ ఆఫీసు ఉన్నది మాత్రం నగరం నడిబొడ్డున, రెండో అంతస్తులో. నేను రికార్డు గుమస్తాని. అడవి నా దగ్గరికి ఫైళ్లలో వచ్చేది. నేను అడవికి ఎన్నిసార్లు వెళ్లానంటే (మా ఆవిడ ఈ పేజీ చదువుతుంది కనక దాచి లాభం లేదు) ఒక్కసారి కూడా లేదు. క్రూరమృగాలతో నా అనుభవమంతా వంటింటి గోడ మీద బల్లితోనే. అది కనబడినప్పుడు కూడా నేను చేసే సాహసం, ఆవిణ్ణి కేకేసి పిలవడం.

అయితే ఆ ఆఫీసు నాకు ఒక విద్య నేర్పింది. ఇప్పుడంటే చెట్లకి కెమెరాలు కడుతున్నారు గానీ, అప్పట్లో పులుల లెక్కంటే పాదాల లెక్క. వాగు ఒడ్డున మెత్తటి నేలలో పులి అడుగు కనబడితే చుట్టూ వెదురు బద్ద గుండ్రంగా నిలబెట్టి, ప్లాస్టర్ పొడి నీళ్లలో కలిపి పోసేవాళ్లు. ఆరాక ఎత్తితే నాలుగు వేళ్లూ మడమా ఉబ్బెత్తుగా తేలిన తెల్లటి బిళ్ల ఒకటి చేతిలోకి వచ్చేది. అడవిలో తిరిగే చెంచువాళ్లే ఎక్కువగా ఈ పని చేసేవాళ్లు. ఆ అచ్చులు వరిగడ్డిలో చుట్టుకుని గోనెసంచుల్లో మా సెక్షనుకు దిగేవి. వాటికి నంబరు వేసి, ఏ వాగు, ఏ కాలు, మగదా ఆడదా అని రిజిస్టరులో ఎక్కించడం నా ఉద్యోగం. మగపులి అడుగు చుట్టూ గీత గీస్తే చదరంగా వస్తుంది, ఆడపులిది కాస్త పొడుగ్గా వస్తుంది. ఇలాంటివి నాకు కంఠతా వచ్చు. పులి ముఖం ఎలా ఉంటుందో తెలియదు గానీ కాళ్లు చూసి పోల్చగలను.

అలా వచ్చినవాటిలో ఒకటి నా బల్ల మీద ఉండిపోయింది. ఎడమ వెనక కాలు, ఆడది, మూడో వేలు వంకర. వెనకవైపు తేదీ గీకే చోట ఒక బొటనవేలి గుర్తు, మధ్యలో అడ్డంగా కోసుకుపోయినట్టు ఒక గీత. తడిగా ఉన్నప్పుడు ఎవరో లోతుగా నొక్కారు. అదే పులివి ఇంకో రెండు అచ్చులు వచ్చాయని దాన్ని పారేయమన్నారు. సరిగ్గా అప్పుడే బందరులో మా చెల్లెలి అత్తవారు కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వట్టి చేతులతో వెళ్లడమెలా అని దాన్ని జేబురుమాలులో చుట్టి పట్టుకెళ్లాను. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాలి కదా, రెండు చెప్పాను. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి నేనూ పులీ ఎదురెదురుగా ఉన్నాం. వెనక ఉన్న బొటనవేలు నాదే అయిపోయింది. "చూశావా, చెయ్యి ఎంత నిబ్బరంగా ఉందో" అని కూడా అన్నట్టు గుర్తు.

మా చెల్లెలికి ఆ తెల్లబిళ్ల ఏమిటో మీకు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. వాళ్లది ఉమ్మడి కుటుంబం. తోడికోడళ్లలో ఒకామె అన్న డాక్టరు, ఇంకొకామె అన్న పెద్ద వకీలు. మా చెల్లెలి పుట్టింటి గొప్పల్లా నేనొక్కణ్ణే, రికార్డు గుమస్తాని. అలాంటింట్లో ఆ అచ్చు ఆమెకి అండగా నిలబడింది. ఏటా దసరాకి బొమ్మల కొలువు పెట్టినప్పుడు మూడో మెట్టు మీద దుర్గమ్మ బొమ్మ పక్కన దాన్ని పెట్టి, వేళ్ల మధ్య పసుపు రాసి, మడమకి కుంకుమబొట్టు పెట్టేది. పేరంటానికి వచ్చిన ప్రతి ముత్తైదువకీ తాంబూలానికి ముందు మా అన్నయ్య పులి పక్కన కూర్చున్న కథ తప్పదు. పాతికేళ్ల పైచిలుకు ఆ కథ బందరులో ఆడింది. డాక్టరూ వకీలూ ఎప్పుడో వెనకబడిపోయారు.

నమ్మనివాడు ఒక్కడే, మా బావగారు, అంటే చెల్లెలి భర్త. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. కలిసినప్పుడల్లా మీసం కింద నుంచి అదే ప్రశ్న.

"బావగారూ, ఆ అచ్చు ఆరడానికి ఎంతసేపు పడుతుందన్నారు?"

"అరగంట."

"ఆ అరగంటా పులి ఏం చేస్తోంది?"

"ఆగింది."

"అలాగా" అనేవాడాయన. ఆ అలాగా అనే మాట పాతికేళ్లుగా నా ఒంట్లో ముల్లులా ఉండిపోయింది.

2011లో కార్తీకం వెళ్లాక ఇద్దరూ బందరు నుంచి మా ఇంటికి వచ్చారు. వచ్చిన రెండో రోజు ఉప్మా తింటూ బావగారు మెల్లిగా, ఇంత దూరం వచ్చాం, మీ అడవి చూపించరాదూ అన్నాడు. చెల్లెలి ముఖం వెలిగిపోయింది. మా ఆవిడ అట్లకాడ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఏం చెబుతానో విందామన్నట్టు చూసింది. నేను ధీమాగా "దానికేం, గురువారం వెళ్దాం" అన్నాను. ధీమాకి కారణం ఉంది. ఆ ఏడాది మా ఊళ్లో బంద్ లేని వారం లేదు. గురువారం బంద్ ఉండొచ్చని టీ బండి దగ్గర పిల్లలు నాకు ముందే చెప్పారు. బుధవారం సాయంత్రం అదే పిల్లలు చల్లగా, "రేపు ఏం లేదు సార్, మంచిగ పోయి రాన్రి, పులిని అడిగినమని చెప్పున్రి" అన్నారు. అప్పటికే బావగారు నారాయణగూడలో జీపు మాట్లాడేసుకున్నాడు. పాత ఆఫీసులో తెలిసినవాళ్ల ద్వారా, వాచర్ వెంట ఉంటే రెండు మైళ్లు నడవనిచ్చే బాటకి అనుమతి కూడా వచ్చేసింది. (దానికోసం ఫోన్ చేసింది నేనే. బంద్ ఉంటుంది కదా అని.)

తెల్లవారకముందే బయల్దేరాం. చెల్లెలు ఒళ్లో ఒక గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. దద్దోజనం అనుకున్నాను. దద్దోజనం మా ఆవిడ దగ్గర ఉంది. అయితే అందులో ఏముందని అడిగితే, "అచ్చు. పాతికేళ్లయింది, పుట్టిన చోటు దానికీ ఒకసారి చూపిద్దామని" అంది. బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ మీసం దువ్వుకున్నాడు. డ్రైవరన్న మాత్రం నిజాయితీపరుడు. "సార్, పులి గిలి ఏం కనబడది. నెమలి కనబడితే ఖుష్ అవున్రి" అన్నాడు. మనసులో ఆయనకి దండం పెట్టుకున్నాను.

మన్ననూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా అడవి దగ్గరికి జరిగింది. సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు. చెట్ల మధ్య మంచు తెల్లగా నిలబడి, దాని మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. దారికి అడ్డంగా సాలెగూళ్లు, ఒక్కొక్కటి గొడుగంత, ప్రతి పోగు మీదా మంచుబొట్లు. జీపు దిగగానే మా అందరి గొంతులూ వాటంతటవే తగ్గిపోయాయి. ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు. అడవి అంటే పచ్చగా ఉంటుందనుకున్నాను, ఫైలు అట్టల రంగు మనసులో ఉండి కాబోలు. అది పచ్చ కాదు. గోధుమ, రాగి, బూడిద, పసుపు. గాలి వీచినప్పుడల్లా ఒక కొండంతా ఎండుటాకు చప్పుడు చేసేది. మళ్లీ ఆగిపోయేది. ఆ ఆగిపోవడం ఇంకా పెద్దది. చిక్కడపల్లిలో నలభై ఏళ్లుండి చప్పుడు లేకపోవడమంటే ఏమిటో నేను మరిచిపోయాను.

మా వెంట వచ్చిన వాచర్ చెంచు మనిషి, నాకన్నా రెండేళ్లు పెద్దే ఉంటాడు. సన్నగా, నల్లగా, వెదురు బద్దలా ఉన్నాడు. చేతిలో గాట్లు పెట్టిన కర్ర ఒకటి ఉంది, అడుగుల పొడవూ వెడల్పూ కొలవడానికట. గేటు దగ్గర చిన్న వాచర్లు ఆయన్ని కొలతల తాత అంటున్నారు. ఆయన కాళ్ల కింద ఎండుటాకు నలగదు. నా కాళ్ల కింద పది అప్పడాలు ఒకేసారి విరిగినట్టు వినబడేది. చెల్లెలు నా పక్కన నడుస్తూ ప్రతి చెట్టుకీ పేరడిగింది. నేను ప్రతి చెట్టునీ నల్లమద్ది అన్నాను. కలప ఫైళ్లలో ఎక్కువసార్లు రాసిన పేరు అదే మరి. నాలుగో నల్లమద్ది దగ్గర తాత వెనక్కి తిరిగి, నాకు మాత్రమే వినబడేట్టు, "అది ఏగిస సారూ" అన్నాడు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి ముందుకి నడిచాడు. మా ఆవిడ దగ్గింది.

ఒక మలుపులో తాత చెయ్యెత్తాడు. ఆగిపోయాం. ఎదురుగా గడ్డిలో చుక్కల దుప్పులు, ముప్పయ్యో నలభయ్యో. అన్నీ ఒక్కసారి తలెత్తి మావైపు చూశాయి. మేమూ చూశాం. ఎంతసేపో చెప్పలేను. వాటి ముక్కుల మీద తడి మెరుస్తోంది. వెనక ఎక్కడో ఒక నెమలి, మంచుకి తోక బరువై, దాన్ని ఈడ్చుకుంటూ బాట దాటింది. పెళ్లికూతురు తడి చీరతో నడిచినట్టుంది. బావగారు సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు గానీ ఏమీ రాయలేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. పెళ్లయి నలభై ఏళ్లలో నలుగురిలో ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది అదే మొదలు.

ఇంకాస్త దిగితే వాగు. తాత దాని పేరు చెప్పగానే నేను నిలబడిపోయాను. ఆ పేరు నా చేత్తో కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. రిజిస్టరులో రెండో గడి, ఎప్పుడూ అదే వాగు. రాసీ రాసీ మూసీనది అంత ఉంటుందని ఊహించుకున్నాను. తీరా చూస్తే పంచె ఎగ్గట్టి ఒక్క అంగలో దాటొచ్చు. రాళ్ల మీద సన్నగా, అద్దంలా పారుతోంది, అడుగున ప్రతి గులకరాయీ కనబడుతోంది. ఇన్నేళ్లూ అది ఇలా పారుతూనే ఉంది, నేను రెండో అంతస్తులో కూర్చుని దాని పేరు రాస్తూనే ఉన్నాను.

అప్పుడు ఎగువన ఎక్కడో కణుజు, అదే పెద్ద కొమ్ముల దుప్పి, బెదిరి అరిచింది. డొల్ల డబ్బా మీద కర్రతో కొట్టినట్టు, ఒక్కసారి. దాని వెనకే చెట్ల మీద కొండముచ్చులు ఖంగుఖంగుమన్నాయి. తాత మమ్మల్ని కదలొద్దని సైగ చేసి, వాగు ఒడ్డున తడి ఇసక దగ్గర గొంతుక్కూర్చున్నాడు. మేమూ మెల్లిగా వంగి చూశాం.

ఒక అడుగు. నాలుగు వేళ్లు, మడమ. నా రెండు అరచేతులూ కలిపి పెడితే అంత. అందులోకి చుట్టూ ఉన్న ఇసకలోంచి నీళ్లు ఊరుతున్నాయి. మేం చూస్తుండగానే ఒక్కొక్క వేలి గుంట నిండుతోంది. మడమ దగ్గర ఇంకా సగం ఖాళీగా ఉంది. బావగారు లెక్కల మనిషి కదా, గొంతు బాగా తగ్గించి, "ఇంకా నిండలేదంటే ఐదు నిమిషాలు కూడా కాలేదు" అన్నాడు. అన్నాక ఆయన మీసం కదలడం మానేసింది. అవతలి ఒడ్డున వెదుళ్లు ఉన్నాయి. వాటిలో ఏముందో మాకు కనబడలేదు, వాటిలోంచి మేం మాత్రం కనబడుతూ ఉండి ఉంటాం. మడమ గుంట కూడా నిండి, అందులో చిన్న ఆకాశం ముక్క వచ్చి కూర్చుంది. నా మోకాళ్లు వణికాయి.

నా నోట్లోంచి తెలియకుండానే మాట వచ్చింది. "ఎడమ వెనక కాలు. చదరంగా ఉంది, మగది." తాత తలెత్తి నన్ను చూశాడు. కర్ర గాట్లతో కొలిచి, "మగదే. సారుకు ఎరికే" అన్నాడు. ముప్పయ్యేళ్లలో అడవి గురించి నేను చెప్పిన మొదటి నిజం అది. చెల్లెలు గర్వంగా మొగుడి వంక చూసింది. చూసి ఊరుకోవచ్చు కదా. గుడ్డసంచిలోంచి అచ్చు తీసి, "మా అన్నయ్య తీసిందే, చూడన్నా" అని తాత చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని పసిపిల్లని అందుకున్నట్టు అందుకున్నాడు. వంకర వేలి మీద చూపుడువేలు పెట్టాడు. కుంకుమని చూసి కాస్త ఆశ్చర్యపోయాడు. తర్వాత వెనక్కి తిప్పాడు. తిప్పి, తన కుడిచేతి బొటనవేలు ఆ గుంటలో పెట్టాడు. ఒరలో కత్తి దిగినట్టు దిగింది. వేలెత్తి మాకు చూపించాడు. మధ్యలో అడ్డంగా పాత గాటు, తేనె కోసే కత్తిదట.

"ఇది నేను దీసింది అమ్మా" అన్నాడు.

చెల్లెలు నా వంక చూడలేదు. ఆయన వంకే చూస్తూ ఎలా అని అడిగింది. తాత వాగు ఎగువకి చెయ్యి చూపి చెప్పుకొచ్చాడు. ఆ రోజు ఇద్దరు వెళ్లారట, రెండో ఆయన ఇంకొంచెం పొడి తేవడానికి జీపు దగ్గరికి పోయాడు. తాత ఒక్కడే బద్ద చుట్టి అచ్చు పోశాడు.

"పోసినంక తెల్సింది, అది యాడికీ పోలే. గా వెదురు పొదల్నే పండుకున్నది. తోక కదిలితె ఆకులు కదులుతున్నయ్. ఉరికితె ఎంటబడ్తది. అచ్చు గూడ పచ్చిగుంది, ఇప్పుడే దీస్తె పలుగుతది. ఇగ కూసున్న."

"ఎంతసేపు?" అన్నాడు బావగారు. ఆ ప్రశ్న పాతికేళ్లుగా నన్ను అడుగుతున్నదే. గొంతు మాత్రం వేరు.

"ఆరేదాంక."

"ఆరేదాకా పులి ఏం చేసింది?"

"ఆగింది సారూ. అది నన్ను జూసింది, నేను అచ్చును జూసిన. మొకం జూడలే. ఊపిరి మాత్రం ఇనబడ్డది. ఆరినంక తీసుకుని ఎనకకు ఎనకకు నడిచిన. దానికి మూడు పిల్లలుండె, తర్వాత తెల్సింది."

భయం వెయ్యలేదా అని చెల్లెలు అడిగింది. తాత నవ్వి అచ్చు వెనక్కి తిప్పాడు. "మస్తయింది. గందుకే ఏలు గింత లోతుకు దిగింది, సూడు."

(నేను నిబ్బరం అన్నది దాన్నే.)

తర్వాత ఆయన నా వంక చూశాడు. ఏగిస చెట్టు దగ్గర చూసినట్టే చూశాడు. అచ్చు నా చేతిలో పెడుతూ, "సారు గూడ అప్పుడు వచ్చే ఉంటరు. మస్తు మంది సార్లు వస్తుండిరి. నాకే యాది లేదు" అన్నాడు.

అంత పెద్ద తలుపు నా జీవితంలో ఎవరూ తెరిచి పెట్టలేదు. నేను తలూపితే చాలు. అవునయ్యా, జీపు దగ్గర ఉన్నది నేనే, పొడి తెచ్చింది నేనే అంటే చాలు. బందరులో కథ ఇంకో పాతికేళ్లు నడుస్తుంది. చెల్లెలు కూడా ఆ తలుపు వంకే చూస్తోంది, నేను అందులోంచి వస్తానని. నోరు తెరిచాను కూడా. కానీ నా కాళ్ల ముందు ఆ అడుగు ఉంది, నిండా నీళ్లతో. దాని ఎదుట నిలబడి నా పాత పులిని మళ్లీ పిలవడానికి నోరు రాలేదు.

"లేదు, నేను రాలేదు. ఈ అడవిలో అడుగుపెట్టడం నాకు ఇదే మొదలు" అన్నాను.

ఒకసారి మొదలైతే ఆగలేదు. రెండో అంతస్తు, గోనెసంచులు, పారేయమన్న కుప్ప, అన్నీ చెప్పాను. తాత ఒక్కటే అడిగాడు, మరి దీన్ని అక్కడ ఏం చేసేవాళ్లని. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద బరువుకి పెట్టుకున్నానని చెప్పాను. ఒక మనిషి పులి ఊపిరి పక్కన కూర్చుని తీసిన దాన్ని నేను సెలవుచీటీల మీద పెట్టుకున్నాను. అది చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఆయన కాసేపు వాగు వంక చూశాడు.

"నంబరు ఏసిన్రా?"

"వేశాను. నా చేత్తోనే."

"ఏలు వంకరని రాసిన్రా?"

"రాశాను. ఎడమ వెనక కాలు, ఆడది, మూడో వేలు వంకర."

"అయితె సాలు" అన్నాడు. "దాని ముచ్చట రాసుకున్నరు గద."

చెల్లెలు అచ్చు ఆయన్నే ఉంచుకోమంది. నేనేం చేసుకుంటనమ్మా, నాకు రోజూ కనబడుతనే ఉంటయి అన్నాడాయన. ఆమె దాన్ని కొంగుతో తుడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. తెచ్చిన బందరు లడ్డు డబ్బా మొత్తం ఆయన చేతిలో పెట్టి, "వస్తాను అన్నయ్యా" అంది. ఆ డబ్బా నా కోసం తెచ్చింది.

తిరుగు ప్రయాణంలో జీపులో మాటల్లేవు. మా ఆవిడ కూడా ఏమీ అనలేదు, అది అన్నిటికన్నా భయంకరం. ఊరి దీపాలు కనబడుతుండగా చెల్లెలు ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండానే అడిగింది. "ఇన్నేళ్లలో నువ్వు నాకు చెప్పినదాంట్లో నిజం ఒక్కటైనా ఉందా అన్నయ్యా?"

జవాబు చెప్పింది బావగారు.

"ఒకటుంది" అన్నాడాయన. "అచ్చు ఆరేదాకా పులి ఆగింది. నమ్మనిది నేనే."

నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను గానీ మధ్యలో దద్దోజనం గిన్నె ఉంది.

మర్నాడు రైలెక్కేటప్పుడు చెల్లెలు నాతో మామూలుగానే మాట్లాడింది, మందులు వేసుకోమంది. అయినా ఆ మాటల్లో ఏదో ఒకటి తక్కువైంది. వారానికి రెండుసార్లు వచ్చే ఫోను నెలకి ఒకసారైంది. నేను టీ బండి దగ్గర పులి కథలు మానేశాను. పిల్లలు పరేషానయ్యారు. "ఏంది సార్, తబియత్ బాలేదా?" అని అడిగారు. అడుగులో నీళ్లు నిండడం గురించి చెబితే, "గంతేనా సార్?" అన్నారు. అంతే అన్నాను. అంతకన్నా పెద్దది నేను చూడలేదని వాళ్లకి ఎలా చెప్పాలో తెలియలేదు.

పది నెలల తర్వాత, దసరా రోజుల్లో ఒక సాయంత్రం ఫోను మోగింది. వెనకాల గాజుల చప్పుడు, ఆడవాళ్ల మాటలు. కొలువు పెట్టానంది చెల్లెలు. అచ్చు పెట్టావా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమే చెప్పింది. అదే మూడో మెట్టు, అదే దుర్గమ్మ పక్కన. ఈసారి బోర్లా తిప్పి, బొటనవేలి గుర్తు పైకి వచ్చేట్టు పెట్టి, కుంకుమ అక్కడ పెట్టిందట. నల్లమలలో మాకు ఒక అన్నయ్య ఉన్నాడని మొదలుపెట్టి మొత్తం ఉన్నదున్నట్టు చెప్పిందట. "పాతికేళ్లు నీ కథ చెప్పాను గానీ, ఇంత నిశ్శబ్దంగా ఎవరూ ఎప్పుడూ వినలేదు అన్నయ్యా. పెద్ద తోడికోడలు తాంబూలం పుచ్చుకోవడం కూడా మరిచిపోయింది" అంది. నేను ఊఁ కొట్టాను.

"అంతా అయ్యాక మీ సొంతన్నయ్య ఏం చేశాడమ్మా అని ఒకావిడ అడిగింది."

"ఏం చెప్పావు?"

"పారేయమంటే పారేయకుండా ఉంచాడని చెప్పాను." గొంతు తగ్గించింది. "కాగితాల మీద బరువుకి పెట్టుకున్న సంగతి మాత్రం చెప్పలేదులే."

ఆ తర్వాత ఫోను మళ్లీ వారానికి రెండుసార్లు రావడం మొదలైంది.

ఇప్పుడు పొద్దున్నే అశోక్ నగర్ దాకా నడవడం నా వల్ల కాదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతూ అప్పుడప్పుడు ఆ అరవై మూడేళ్ల కుర్రవాణ్ణి తలుచుకుంటాను. వాగు ఒడ్డున గొంతుక్కూర్చుని, చేతిలో తెల్లబిళ్లతో, నీళ్లు నిండిన అడుగు వంక చూస్తూ ఉంటాడు. వాణ్ణి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మోకాళ్లు వణికాయని ఇందాక రాశాను కదా. పులికి అని మీరు అనుకుని ఉంటారు, నేనూ అలా అనుకునేట్టే రాశాను. నిజానికి అవి వణికింది చెల్లెలు సంచి ముడి విప్పడం చూసినప్పుడు.